రెండో బ్యాటరీ

కిందటి వారం మనం బాలశౌరి మాస్టారిని ఆయన ఇంటి వరండాలో, కాలిపోయిన స్పీకరు ముందు కూర్చోబెట్టి వచ్చాం. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు.

తిరువూరు హైస్కూల్లో సైన్సు చెప్పే ఈ మాస్టారు ఆరు నెలలు కష్టపడి, తమ కతోలిక గుడి కోసం ఒక ఆంప్లిఫయరు తయారు చేశాడు. అందులో గాజు వాల్వులు లేవు. ఆరు ట్రాన్సిస్టర్లు, గుప్పెడు రెసిస్టర్లు, రెండు బ్యాటరీలు, అంతే. కరెంటు పోయినా పలుకుతుంది. దానికి స్పీకరు కొన్నది మాత్రం పేటలోని ఆడవాళ్ళు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి గుడి పేరున కుండలో వేసుకోవడం వాళ్ళ అలవాటు. కూలికి వెళ్ళొచ్చి పొయ్యి వెలిగించే ఇళ్ళలో ఏడాది పాటు అలా పోగైన పిడికిళ్ళే ఆ స్పీకరు.

ఈస్టరుకి ముందు ఉపవాసాలుండే తపస్సు కాలంలో ఒక శుక్రవారం సాయంత్రం, సిలువబాట ప్రార్థన మొదలుపెట్టడానికి జనమంతా గుడి ముందున్న పెద్ద సిలువ దగ్గరికి వెళ్ళారు. పాట పాడుకుంటూ తిరిగి లోపలికి వచ్చేసరికి స్పీకరులోంచి పొగ వస్తోంది. బ్యాటరీల దగ్గర, ఇన్నాళ్ళూ గుడి పండుగలకీ ఊళ్ళో పెళ్ళిళ్ళకీ మైకుసెట్టు అద్దెకిచ్చే అంకారావు వంగి ఉన్నాడు. చేతిలో స్పానరు.

"నీ కడుపుమంట మా ఆడవాళ్ళ బియ్యాన్ని కాల్చిందిరా!" అన్నాడు బాలశౌరి, అందరి ముందూ.

అంకారావు తలెత్తి చూశాడు. స్పానరు పైగుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. కాదని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నేరం ఒప్పుకున్నట్టయింది.

అది జరిగి పదిహేను రోజులు. ఈ పదిహేను రోజుల్లో అతన్ని పిలిచిన పెళ్ళి లేదు, పేరంటం లేదు. ముందే చెప్పుకున్నవాళ్ళు కూడా వేరే ఊరి సెట్టు మాట్లాడుకున్నారు. సోమవారం ఎ.కొండూరు నుంచి ఎవరో వచ్చి అతని సెట్టు, హారన్లు, వైర్లు మొత్తం కొనుక్కుపోతారనీ, ఆ తర్వాత అంకారావు ఊరు వదిలి బావమరిది దగ్గరికి వెళ్ళిపోతాడనీ బజారులో అనుకుంటున్నారు.

ఇవాళ శనివారం. రేపు మ్రానికొమ్మల ఆదివారం, గుడికి జనమంతా వచ్చే రోజు.

బాలశౌరిని రెండు రోజులుగా ఒక చిన్న విషయం పీడిస్తోంది. స్పీకరు ముందుగుడ్డ విప్పి చూస్తే లోపలి కాగితపు గరాటు తన చోట లేదు. ఊపిరి పీల్చి బిగబట్టినవాడి రొమ్ములాగా ముందుకు పొంగి, అలాగే నిలిచిపోయి ఉంది. దాని వెనక తీగెచుట్ట ఒక పక్క కాదు, మొత్తం సమానంగా మాడింది. ఎవరైనా కసికొద్దీ తీగెలు తెంపితేనో కలిపితేనో ఇలా కాదు. ఏదో దాన్ని ఒకే పక్కకి, నిమిషాల తరబడి తోసింది.

పెట్టెలో చూస్తే ఏ భాగమూ చెడలేదు. ఆరు ట్రాన్సిస్టర్లూ క్షేమం. దొంగ వచ్చి వెళ్ళిన ఇంట్లో గిన్నెలన్నీ సర్దినట్టే ఉంటే ఎలా ఉంటుంది? అలా ఉంది.

అంతోనమ్మ గంజి గ్లాసు తెచ్చింది. మాస్టారి కుడిచేతి వేలు నిన్న టంకం పెడుతుంటే కాలింది. ఆ సంగతి ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. కానీ గ్లాసు మాత్రం రోజూలా కుడిపక్క కాకుండా ఎడమచేతికి అందేలా పెట్టింది.

"ఇదేంటండీ, స్పీకరు పెట్టాల్సిన చోట స్కూటరు బల్బు పెట్టారు?"

"ఇంకో స్పీకరు కాల్చే స్తోమత లేదు కాబట్టి."

"పాడే పెట్టెకి దీపమా!"

"ఈ దీపం వెలగకూడదే. వెలిగిందంటే స్పీకరు కాలినట్టు లెక్క."

ఆమె పక్కనే చాప మీద కూర్చుంది. పెట్టె వెనక ట్రాన్సిస్టర్ల వేడి లాగడానికి బిగించిన రేకు ఒకప్పుడు ఆమె అన్నం గిన్నె మీద మూత. దాన్ని వేలితో తట్టి, "నా దగ్గరున్నప్పుడూ దీనికి వేడే, మీ దగ్గరా వేడే. పాపం, సుఖం లేదు దీనికి," అంది.

వేరే రోజైతే ఆయన నవ్వేవాడు.

బాలశౌరికి ఒక నియమం ఉంది. పిల్లలకి కూడా అదే చెప్పేవాడు. ఏ యంత్రమైనా సరే, ఒక్కొక్క భాగం తీసి చూడు. తీసినా పని ఆగకపోతే ఆ భాగం అక్కర్లేదు. అలా తీసుకుంటూ తీసుకుంటూ, ఇక తీయడానికి ఏమీ మిగలని చోట ఆగు. ఈ పెట్టె అలా తయారైందే. పత్రికలో చూసిన బొమ్మలో ముప్ఫై పైచిలుకు భాగాలుంటే ఆయన పద్దెనిమిదికి తెచ్చాడు. పాడే గొంతుకీ వినే చెవికీ మధ్య అడ్డుగోడ ఉండకూడదని ఆయన పట్టుదల. ఆన్ చేసి పెట్టినా చిన్న గుయ్ అనే చప్పుడైనా లేదు. ఆ నిశ్శబ్దం ఆయన గర్వం.

ఇప్పుడు అదే నియమంతో పెట్టెను మళ్ళీ మొదటినుంచి పరీక్షించాడు. స్విచ్చి వేశాడు. బల్బు వెలగలేదు. మంచిది. ఒక రెసిస్టరు విప్పి చూశాడు, వెలగలేదు. తిరిగి బిగించి ఇంకోటి విప్పాడు. మైకు తీగె లాగేశాడు. బల్బు చీకటిగానే ఉంది. ఒకటొకటే అన్నీ అయిపోయాయి.

అన్నీ కాదు. ఇన్ని నెలల్లో ఆయన ఎప్పుడూ తీసి చూడని భాగం ఒకటుంది. దాన్ని భాగమనే అనుకోలేదు.

రెండో బ్యాటరీ తీగె వదులు చేసి పైకి లాగాడు.

బల్బు భగ్గున వెలిగింది.

మధ్యాహ్నపు వెలుతురులో కూడా అంతోనమ్మ కళ్ళు చిట్లించేంత వెలుగు. పెట్టెలోంచి ఏ చప్పుడూ లేదు. మొదటి బ్యాటరీ కరెంటు ఎదురు తూగేది లేక, నేరుగా, ఒకే పక్కకి, ఆగకుండా బల్బులోకి పోతోంది. స్పీకరు ఉన్నట్టయితే దాని ఛాతీ ముందుకు పొంగి, అక్కడే నిలిచి, మాడేది.

ఆయన స్విచ్చి తీయలేదు. చూస్తూ కూర్చున్నాడు. చివరికి అంతోనమ్మే చెయ్యి చాపి ఆపేసింది.

"ఏమైందండీ?"

ఆయన లేచి గూట్లోంచి నోటుపుస్తకం తీశాడు. దాని కింద రేషన్ కార్డు ఉంది. అందులో మూడో పేరు మీద ఎర్రసిరా గీత. హన్నమ్మ, కూతురు. రెండేళ్ళ కిందట మిల్లు రామలింగంగారి చిన్నకొడుకుని రిజిస్టరు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన పిల్ల. మిల్లు వాళ్ళూ ఆ జంటని గడప తొక్కనివ్వలేదు. ఆ వారమే బాలశౌరి మిల్లు గేటు దగ్గర నిలబడి, "మీ మొహం గానీ మీవాడి మొహం గానీ నేను చచ్చేదాకా చూడను," అని రామలింగంగారి మీద కేకలేసి వచ్చి, ఈ గీత గీశాడు. కార్డును పక్కకి జరిపి, నోటుపుస్తకం తెరిచాడు.

బొమ్మ చివర, స్పీకరుకి ముందు, ఒక కండెన్సరు. బొటనవేలంత ఉండే వస్తువు. దాని మీద కూడా ఎర్రసిరా గీత. పక్కన తన ముత్యాల్లాంటి అక్షరాలతోనే, "అనవసరం" అని.

"ఇది గుమ్మం దగ్గర కాపలావాడు," అన్నాడు. పాఠం చెప్పే గొంతు కాదు అది. "పాట అటూ ఇటూ ఊగే కరెంటు. దాన్ని లోపలికి పోనిస్తుంది. ఒకే పక్కకి తోసుకొచ్చే కరెంటుని గుమ్మంలోనే ఆపేస్తుంది. ఇది ఉండుంటే, ఎవరు ఏ బ్యాటరీ తీసినా ఒక్కసారి ఠప్పుమని ఊరుకునేది. ఇది లేకపోయినా పాట వస్తోందని తీసేశాను. మాట స్వచ్ఛంగా ఉంటుందని తీసేశాను."

"అంటే?"

"తప్పు నాదే. అంకారావు బ్యాటరీ తీశాడో, తీగె వదులైతే బిగిస్తున్నాడో నాకు తెలియదు. ఏదైనా కానీ, కాల్చింది మాత్రం నేను. రేపు పూజ అయ్యాక గుడిలో అందరి ముందూ చెప్తాను."

అంతోనమ్మ గంజి గ్లాసు తీసి ఆయన చేతిలో పెట్టింది. "రేపు గుడికి చెప్పండి," అంది. "ఇవాళ అంకారావుకి చెప్పండి."

ఆమె వంటింట్లోకి వెళ్ళి కారియరు కడగడం మొదలుపెట్టింది. నాలుగింటి బస్సుకి గంపలగూడెం పోవాలి. అక్కడ ఆమె వదినకి ఒంట్లో బాగోలేదట. ఈ మధ్య రోజు విడిచి రోజు వెళ్ళొస్తోంది. వంటింట్లోంచి వేయించిన వెల్లుల్లి, శొంఠి వాసన వస్తోంది. పెట్టెనీ బల్బునీ సంచిలో సర్దుకుంటున్న మాస్టారు ఆ వాసన పీల్చాడు గానీ దాన్ని గురించి ఆలోచించలేదు.

*

బస్టాండు రోడ్డులో రేకుల షెడ్డు అంకారావుది. వాకిట్లో నాలుగు హారన్లు ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. కొనేవాళ్ళు వస్తారని వాటిని తోమి తుడిచారు. షెడ్డు లోపల చార్జింగు పెట్టిన బ్యాటరీలు సన్నగా బుడగలు వేస్తున్నాయి.

గడపలో అంకారావు భార్య నాగేశ్వరమ్మ కూర్చుని వైర్లు చుట్టలు చుడుతోంది. మాస్టారిని చూసి లేవలేదు.

"రండి మాస్టారూ. ఇంకేమన్నా కాలిందా? మాయన్ని పంపమంటారా?"

"ఉన్నాడా అమ్మా?"

"ఉండక ఎక్కడికి పోతాడు? ఎవరు పిలుస్తున్నారు గనక పోవడానికి!"

"నాగూ," అని లోపల్నుంచి గొంతు వినిపించింది. "నోరు ముయ్యి. రండి మాస్టారూ, లోపలికి రండి."

అంకారావు సన్నగా, పొడుగ్గా, భుజాలు కాస్త వంగి ఉంటాడు. ఇరవయ్యేళ్ళు హారన్లు మోసిన భుజాలు. స్టూలు తుడిచి వేశాడు. బాలశౌరి కూర్చోలేదు. సంచిలోంచి పెట్టె తీశాడు.

"రెండు బ్యాటరీలు ఇలా ఇస్తావా?"

అంకారావు ఇచ్చాడు. బాలశౌరి తీగెలు తగిలించి స్విచ్చి వేశాడు. బల్బు వెలగలేదు. రెండో బ్యాటరీ తీగె లాగాడు. షెడ్డు నిండా వెలుగు. నాగేశ్వరమ్మ వైరుచుట్ట వదిలేసి లోపలికి తొంగిచూసింది.

"ఈ బల్బే స్పీకరు అనుకో," అన్నాడు బాలశౌరి. "ఇలా కాకుండా ఆపే భాగం ఒకటి పెట్టాలి. అందరూ పెడతారు. నేను అక్కర్లేదనుకుని కొట్టేశాను. స్పీకరుని కాల్చింది నా తెలివి. కడుపుమంట అన్నాను నిన్ను. నలుగురిలో అన్నాను. క్షమించమని అడగడానికి వచ్చాను అంకారావూ."

వయసులో పదేళ్ళు పెద్దవాడు, ఊళ్ళో సగంమందికి చదువు చెప్పినవాడు, రెండు చేతులూ జోడించాడు. అంకారావు గబుక్కున ఆ చేతులు పట్టుకుని విడదీశాడు.

కానీ అతని చూపు మాత్రం బల్బు మీదే ఉంది. అతనికి ఇంకేదో అర్థమవుతోంది.

"మాస్టారూ, ఆ రోజు... ఈ పెట్టె ఆన్‌లో ఉందా?"

"ఉంది. సిలువ దగ్గరికి వెళ్ళేముందు మైకు పరీక్షించి అలాగే ఉంచేశాను."

"గుయ్‌మనలేదే!"

"అనదు. అదే దాని గొప్ప అనుకున్నాను."

అంకారావు నేల మీద కూలబడ్డాడు. "నా సెట్టు ఆన్‌లో ఉంటే వీధి చివరికి తెలుస్తుందండీ. కందిరీగల తుట్టెలాగా మోగుతా ఉంటది. ఇరవయ్యేళ్ళ నుంచి నా చెవులకదే గుర్తు. మీ పెట్టె దగ్గరికెళ్ళి విన్నాను. చప్పుడు లేదు. ఆపేసి పోయారనుకున్నా. ఆపేసిన పెట్టెకి బ్యాటరీ తీస్తే ఏమవుతుందిలే అనుకున్నా." తలెత్తాడు. "రెండోది తీసింది నేనే మాస్టారూ. పది నిమిషాలు. మళ్ళీ తెచ్చి బిగిస్తుంటే మీరు చూశారు. పొగ ఎందుకొచ్చిందో నాకు ఇప్పటిదాకా తెలియలా. నేను ముట్టుకున్నందుకే కాలిందని మాత్రం తెలుసు. అందుకే కాదనలా."



"ఎందుకు తీశావు?" అన్నాడు బాలశౌరి మెల్లగా.

అంకారావు గడప వైపు చూశాడు.

"చెప్పవయ్యా," అంది గడపలోంచి నాగేశ్వరమ్మ.

"నువ్వూరుకో."

"ఎందుకూరుకోవాలి? హారన్లు తోమి పెట్టా అమ్ముకోడానికి. పుట్టిన ఊరొదిలి మా అన్న పంచన చేరడానికి మూటలు కట్టా. ఇంకా ఎందుకూరుకోవాలి?"

"మాట ఇచ్చానే."

నాగేశ్వరమ్మ లేచి నిలబడింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "మాట ఇచ్చింది నువ్వు. నేను ఇవ్వలా."

మాస్టారి వైపు తిరిగింది. ఇందాకటి ఎత్తిపొడుపు ఆమె గొంతులో లేదు.

"గుడి వెనక మలుపులో టాక్సీ ఆగిపోయిందండీ ఆ రోజు. బ్యాటరీ చచ్చిపోయింది. గంపలగూడెం నుంచి బెజవాడ ఆసుపత్రికి పోతోంది. లోపల చూలాలు. ఎనిమిదో నెల్లో నొప్పులొచ్చాయి, రక్తం పోతోంది. తోసి నడిపిద్దామంటే ఆ గతుకులకి మనిషి తట్టుకునేట్టు లేదు. మీరంతా ముందు పక్క పాట పాడుతున్నారు. ఈయన గుళ్ళోకి పరిగెత్తి, మీ రెంటిలో ఒకటి తీసి, టాక్సీకి పెట్టి సెల్ఫు కొట్టించాడు. ఇంజను అందుకోగానే తెచ్చి మళ్ళీ మీ పెట్టెకి బిగిస్తున్నాడు. అదీ సంగతి."

"దీనికి మాటేంటి, దాపరికమేంటి?" అన్నాడు బాలశౌరి. "ఆ మాట అప్పుడే చెబితే నేను నీ కాళ్ళు కడిగేవాడిని కదా అంకారావూ!"

అంకారావు కళ్ళు దించుకున్నాడు.

"ఆ పిల్ల ఈయన చెయ్యి పట్టుకుందండీ," అంది నాగేశ్వరమ్మ. "'బాబాయ్, మా నాన్నకి చెప్పొద్దు. బిడ్డ దక్కితే నేనే ఎత్తుకుని వచ్చి చూపిస్తా. దక్కకపోతే ఆయనకి ఆ బాధ కూడా ఎందుకు,' అందంట. మీ హన్నమ్మ, మాస్టారూ."

మనిషికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు ముందుగా తెలిసేది నొప్పి కాదు. చుట్టూ ఉన్న చిన్నచిన్న వస్తువులు ఎందుకో స్పష్టంగా కనిపిస్తాయి. బాలశౌరికి షెడ్డు రేకులోని చిల్లు కనిపించింది. దాని గుండా పడిన రూపాయంత ఎండ కనిపించింది. ఆ ఎండలో తన స్కూటరు బల్బు, ఇంకా వెలుగుతూ. ఆ రోజు తాను స్పీకరు కోసం కేకలేశాడు. అంతకు పది నిమిషాల ముందు, గుడి గోడకి అవతల, ఆగిన టాక్సీలో తన బిడ్డ ఉంది.

స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరు కూర్చోబెట్టారో తెలియలేదు.

"బిడ్డ?" అన్నాడు.

"ఆడపిల్ల. దక్కిందండీ," అన్నాడు అంకారావు. "తల్లీ క్షేమమే. గంపలగూడెం తెచ్చుకున్నారు. ఇంకో పావుగంట ఆలస్యమయ్యుంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ అందంట. టాక్సీవాడు చెప్పాడు."

నాగేశ్వరమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఉప్పు వేసి తెచ్చింది. ఆయన ఉప్పు లేని మజ్జిగ తాగడని ఒకప్పుడు పండుగ సెట్టు పెట్టినప్పుడు ఎవరో అంటే విన్నదట. పదిహేను రోజులు తన ఇంటి పొయ్యిని చల్లార్చిన మనిషికి ఉప్పు గుర్తుపెట్టుకుని వేసింది. అలాంటి చిన్న దయలను దాచుకోవడానికి మనిషికి చోటుండాలి. ఆ పూట ఆయన లోపల చాలా చోటు ఖాళీ అయింది.

"రేపు గుడిలో చెప్తాను," అన్నాడు చెంబు దించి. "సోమవారం నువ్వు సెట్టు అమ్మకూడదు."

"ఏమని చెప్తారండీ?" అన్నాడు అంకారావు. "నేను బ్యాటరీల దగ్గర ఉండటం అందరూ చూశారు. తీయలేదంటే అబద్ధం. తీశానంటే ఎందుకంటారు. ఎవరికోసమంటారు. గుడిలో ఆ పిల్ల పేరెత్తి, నలుగురూ నాలుగు రకాలుగా నమలడానికి... వద్దులెండి. నా సెట్టు పోతే పోయింది. మాట పోగొట్టుకోలేను."

"నీ మాట నీ భార్య పోగొట్టేసిందిగా!"

"అది మీ ఒక్కరికీ," అంది నాగేశ్వరమ్మ. "ఊరికి కాదు."

నిజమే. బాలశౌరి పెట్టె స్విచ్చి తీసి, తీగెలు విప్పి, సంచిలో పెట్టుకున్నాడు. తప్పు తనదని చెప్పడం ఇప్పటిదాకా ఒక్కడు చేయగల పని. ఇప్పుడు కాదు. అంకారావు పేరు కడగాలంటే హన్నమ్మ పేరు చెప్పాలి. ఆ పేరు చెప్పే హక్కు హన్నమ్మది. రేపు పొద్దున పూజ గంట కొట్టేలోపు ఆ పిల్లని అడగాలి. రెండేళ్ళుగా పలకరించని పిల్లని, మొట్టమొదటగా, ఒక సాయం అడగాలి.

*

ఇంటికి వచ్చేసరికి అంతోనమ్మ కారియరు కట్టి, చెప్పులేసుకుని, గుమ్మంలో ఉంది. మూడు గిన్నెల మీద తువ్వాలు చుట్టింది. వెల్లుల్లి వాసన. శొంఠి వాసన. ఈసారి ఆయన ఆ వాసనను గుర్తుపట్టాడు. ఇరవై నాలుగేళ్ళ కిందట ఈ ఇంట్లోనే, ఇదే నెలలో, బాలింతరాలిగా ఉన్న అంతోనమ్మకి ఆయన తల్లి ఇదే వండిపెట్టింది.

"ఆ కారియరు ఇటివ్వు," అన్నాడు.

"ఎందుకండీ?"

"ఇవాళ నేను తీసుకెళ్తా."

అంతోనమ్మ చెయ్యి కారియరు పిడి మీద బిగిసింది. "మా వదిన ఇంటికి మీరెందుకు?"

"మీ వదినకి ఆడపిల్ల పుట్టిందట కదా."

ఆమె ముఖంలో రంగు పోయింది. తర్వాత మెల్లగా తిరిగి వచ్చింది. గోడ పట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"చెప్పొద్దని ఒట్టేయించుకుందండీ. మీకు చెప్పకుండా ఈ ఇంట్లో ముద్ద మింగలేకపోయాను."

"నువ్వు చెప్పలా. ఆ రోజు గుడిలో అంకారావు బ్యాటరీ తీసింది మన హన్నమ్మ కోసం. టాక్సీకి."

అంతోనమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హన్నమ్మ ఆ సంగతి తల్లికి చెప్పలేదు. దారిలో టాక్సీ ఆగింది, ఎవరో సాయం చేశారు అని మాత్రమే చెప్పింది. ఆ సాయానికి ఊళ్ళో ఏ ధర పడిందో హన్నమ్మకే తెలియదు.

"అంకారావు..." అంది అంతోనమ్మ.  పిడికెడు బియ్యం తీసే ప్రతి పొద్దూ, ఆ స్పీకరు కాల్చినవాడిని దేవుడు చూసుకుంటాడని పేటలో ఆడవాళ్ళంతా అనుకుంటుంటే తానూ తలూపింది. అది గుర్తొచ్చింది కాబోలు, కొంగు ముఖానికి కప్పుకుంది.

ఆయన వంగి, ఆమె వేళ్ళు ఒక్కొక్కటిగా తీసి, కారియరు అందుకున్నాడు. అడుగు గిన్నె వెచ్చగా ఉంది.

రోడ్డు మీద బస్సు హారను మోగింది.

"ఏవండీ, ఒక్కమాట," అంది అంతోనమ్మ లేచి. "అక్కడ ఒక్క పిల్లే ఉంటుందనుకోకండి. ఇంకొకరు కూడా..."

"అల్లుడేగా. ఉండనీ," అన్నాడు. రెండేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. అది విని అంతోనమ్మ చెప్పబోయింది మరిచిపోయింది. హారను రెండోసారి మోగింది. ఆయన పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

బస్సులో జనం బాగానే ఉన్నారు. నిలువు కడ్డీ పట్టుకుని, కారియరు పొట్టకి ఆనించుకుని నిలబడ్డాడు. కండక్టరు ఆయన పాత శిష్యుడే.

"ఎక్కడికి మాస్టారూ?"

"మా అమ్మాయి ఇంటికి."

కండక్టరు పంచింగు మిషను పట్టుకుని ఆగాడు. నెమ్మదిగా, "ఊరు చెప్పండి మాస్టారూ," అన్నాడు.

"గంపలగూడెం."

ఆ గొంతు విని ముందు సీట్లోని మనిషి వెనక్కి తిరిగాడు. తెల్లటి పంచె, మడత నలగని కండువా. సొంత జీపు ఉన్న మనిషి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోవడానికి కాబోలు, బస్సెక్కాడు. చేతిలో గ్రైపు వాటరు సీసా ఉంది. పడిపోకుండా దాన్ని రెండు చేతుల మధ్య జాగ్రత్తగా పట్టుకున్నాడు.

మిల్లు రామలింగం.

ఆయన బాలశౌరి ముఖం చూశాడు. కారియరు చూశాడు. వెల్లుల్లి వాసన ఆయనకీ తెలిసినట్టుంది. సీసాను ఒక చేతిలోకి మార్చుకుని, కిటికీ వైపు జరిగి, పక్కన చోటు చేశాడు.

బస్సు కదిలింది. బాలశౌరి ఇంకా కడ్డీ పట్టుకునే ఉన్నాడు.